పద్నాలుగు పాయింట్ ఒకటి

పోయినవారం మన పిన్ని ఎడమచేతికి బ్యూరెట్ కుళాయి, కుడిచేతికి ఫ్లాస్కు అప్పగించి, ల్యాబులో కదలకుండా నిలబెట్టి వెళ్ళిపోయాను. వారం రోజులు ఒక మనిషిని అలా నిలబెట్టడం అన్యాయమని నాకూ తెలుసు. కానీ ఆమెకి ఆ సంగతే తెలియదు. ఫ్లాస్కులోకి చూస్తూ ఉండమంటే వారమేం ఖర్మ, నెలైనా ఉండిపోగలదు. ఆమెతో వచ్చిన చిక్కంతా అదే.

ఈవారమే పేజీ తిప్పినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్తాను, మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టండి. పిన్నికి ముప్పైతొమ్మిదేళ్ళు. ఇరవై ఏళ్ళు అద్దకం షెడ్డులో నూలుకి రంగులు పట్టించింది. ఈ ఏడే బీయస్సీ మొదటి సంవత్సరంలో కెమిస్ట్రీ చదవడానికి చేరింది. చుట్టూ పద్దెనిమిదేళ్ళ పిల్లలు. మొదటిరోజే ఎవరో పిన్నీ అన్నారు, అదే ఖాయమైపోయింది. కాలేజీలో ఆమెకి అయినవాళ్ళంటే ఒక్క బాబాయే. అంటే వాళ్ళ నాన్నకి తమ్ముడు. తల్లీ తండ్రీ లేని పిల్లని పెంచి పెద్దచేసింది ఆయనే. ఇరవై ఎనిమిదేళ్ళుగా కెమిస్ట్రీ స్టోరు చూస్తూ, ల్యాబుకి కావలసిన ద్రావణాలన్నీ కలిపేది కూడా ఆయనే. ఈ కోర్సు అప్లికేషన్ తెచ్చి, "ఇక్కడ సంతకం పెట్టు అమ్మడూ, మిగతాది నేను నింపుతా" అన్నదీ ఆయనే.

షెడ్డు మేస్త్రి ఒక్క ఏడాది సెలవిచ్చాడు. పాసైతే చదువుకోమన్నాడు, తప్పితే మళ్ళీ తొట్టి దగ్గరికి రమ్మన్నాడు. ఆ ఏడాది ఇవాళ్టి మీద ఆధారపడి ఉంది. మూడు ప్రాక్టికల్స్ తప్పినవాళ్ళని పెద్ద పరీక్షకి రానివ్వరు, పిన్ని ఇప్పటికే రెండు తప్పింది.

ఎలా తప్పిందో వింటే మీరు నవ్వుతారు, నేనైతే నవ్వాను. మొదటిసారి ఫ్లాస్కులో ఇండికేటర్ చుక్కలు వేయడం మరిచిపోయింది. రంగు మారుతుందని గంటసేపు ఎదురుచూసింది. బ్యూరెట్ మూడుసార్లు ఖాళీ అయింది. రెండోసారి మైలుతుత్తం కాల్చి, అందులోంచి ఎంత నీరు పోయిందో తూచమన్నారు. నీలంగా నిగనిగలాడే పలుకులు వేడికి తెల్లబడి, పొడిపొడిగా రాలిపోయాయి. ఆ తెల్ల పొడి మీద ఒక్క చుక్క నీళ్ళు వేస్తే మళ్ళీ నీలం. పిన్నికి ఊపిరి ఆగినంత పనైంది. రాయిలా గట్టిగా ఉన్న పలుకులో నీళ్ళున్నాయి! తడి లేదు, జారదు, ఒలకదు, అయినా నీళ్ళే. కాల్చడం, చుక్క వేయడం, మళ్ళీ కాల్చడం, మళ్ళీ చుక్క. సాయంత్రం గంట కొట్టేసరికి ఆమె దగ్గర ఒక్క తూకమూ లేదు. మేడమ్ సున్నా వేసింది. ఇంటికి వెళ్ళే దారంతా పిన్ని మాత్రం సంతోషంగానే నడిచింది.

ఇక ఇవాళ్టి మాట. పని చిన్నదే. బాబాయ్ కలిపి పెట్టిన ఆక్సాలిక్ యాసిడ్ ద్రావణం పిప్పెట్‌తో పది మిల్లీలీటర్లు తీసి ఫ్లాస్కులో పోయాలి. రెండు చుక్కల ఇండికేటర్ వేయాలి. పైన బ్యూరెట్‌లోంచి సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలుగా వదలాలి. యాసిడ్ అంతా ఖర్చైన క్షణాన ఫ్లాస్కులో నీళ్ళు గులాబీ రంగుకి తిరుగుతాయి. అక్కడ ఆపి, ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో రికార్డులో రాయాలి. ఇంకుతోనే రాయాలి. కొట్టివేత ఉండకూడదు. పేజీలో విద్యార్థి చెయ్యి, మేడమ్ చెయ్యి తప్ప మూడో చెయ్యి పడితే ఆ పేజీ చెల్లదు. ఈ కాలేజీ పుట్టిన దగ్గర్నుంచీ ఉన్న నియమం అది.

మధ్యాహ్నం రెండు దాటింది. పడమటి కిటికీలోంచి ఎండ వచ్చి అరల్లోని సీసాల్లో కూర్చుంది. ఒక్కో సీసా ఒక్కో రంగు నీడని బల్లల మీద పరిచింది. పిల్లల మాటలు దూరంగా ఎక్కడో నీళ్ళ అడుగునుంచి వినబడుతున్నట్టున్నాయి. పిన్ని చుక్క వదిలింది. గులాబీ రంగు మెరిసి మాయమైంది. ఇంకో చుక్క. మళ్ళీ మెరిసి మాయం.

షెడ్డులో ఆమె చూసిన రంగులన్నీ తెచ్చి పోసినవే. బస్తాలోంచి తీసి, తొట్లో కలిపి, నూలుకి పట్టించినవి. ఇదలా కాదు. రెండు తెల్లని నీళ్ళు కలిస్తే ఎక్కడినుంచో తనంతట తానే వస్తోంది. ఎక్కడ ఉండి వస్తోంది? వచ్చే ముందు ఎక్కడుంది? క్లాసులో మోల్ గురించి చెప్పినరోజూ ఇంతే. ఆరు పక్కన ఇరవైమూడు సున్నాలు పెడితే ఒక మోల్ అన్నారు, పద్దెనిమిది గ్రాముల నీళ్ళలో అన్ని అణువులుంటాయన్నారు. ఆ సాయంత్రం ఇంట్లో నాలుగు చెంచాల నీళ్ళు కప్పులో పోసుకుని, ముందు పెట్టుకుని కూర్చుంది. తాగబుద్ధి కాలేదు.

ఇంకో చుక్క. ఈసారి రంగు పోలేదు. అప్పుడే పుట్టిన పాప అరికాలి రంగు. ఆమె లోపల ముప్పై లెక్కపెట్టింది. రంగు నిలిచింది.

బ్యూరెట్ మీద గీత చూసింది. పద్నాలుగు పాయింట్ ఒకటి. మళ్ళీ చేసింది. పద్నాలుగు పాయింట్ ఒకటి. మూడోసారీ అంతే. జీవితంలో మొదటిసారి ఒక ప్రయోగం కలలోకి జారిపోకుండా చివరిదాకా వచ్చింది. పెన్ను మూత తీసి, మూడు వరసల్లోనూ ముత్యాల్లా రాసింది.

"ఏమిటిది?" అంది మేడమ్, పిన్ని తెచ్చి ముందు పెట్టిన రికార్డు చూసి.

మేడమ్‌కి కూడా పిన్ని వయసే. ఇదే ల్యాబులో చదువుకుని ఇదే ల్యాబులో పాఠం చెప్తోంది. మంచిదే, కాకపోతే తొందర మనిషి. ఆమె బల్ల మీద ముప్పైతొమ్మిది రికార్డులు దొంతరగా ఉన్నాయి. నలభయ్యోది పిన్నిది.

"రీడింగ్ మేడమ్."

"అది తెలుస్తూనే ఉంది. ముప్పైతొమ్మిది మందికీ పది దగ్గరే వచ్చింది. దాదాపు అందరికీ పది పాయింట్ ఒకటి. ఒకరిద్దరికి పది పాయింట్ రెండు. మీకొక్కరికే పద్నాలుగు ఎలా వచ్చింది?"

"అక్కడే రంగు వచ్చింది మేడమ్."

"పదింటి దగ్గర వచ్చిన రంగు మీరు చూసుకోలేదు. ఎప్పట్లాగే ఎక్కడో ఉండి ఉంటారు."

తరగతిలో ఎవరో కిసుక్కున నవ్వారు. పిన్ని మొహం ఎర్రబడింది. ఇంకో రోజైతే తల దించుకునేదే. ఎందుకంటే ఇంకో రోజైతే ఆ మాట నిజమయ్యేది.

"మేడమ్, నాకు లెక్కలు రావు. ఫార్ములాలు నిన్న చదివింది ఇవాళ గుర్తుండదు. కానీ రంగు నాకు తెలుసు. ఇరవై ఏళ్ళు అదే చూశాను. పదింటి దగ్గర అందులో రంగు లేదు. పదకొండులో లేదు. పదమూడులోనూ లేదు."

"అయితే ఏమంటారు? ముప్పైతొమ్మిది మందీ గుడ్డివాళ్ళా?"

"నేనలా అన్లేదు మేడమ్."

మేడమ్ గోడ గడియారం వైపు చూసింది. గొంతు కాస్త తగ్గించింది. "చూడండీ, మీ మీద నాకేం కోపం లేదు. ఈ వయసులో వచ్చి చదవడం మాటలు కాదు, నాకు తెలుసు. మూడింటికి రికార్డులు ఆఫీసుకి వెళ్ళాలి. ఇంకో అరగంట ఉంది. కొత్త పేజీ తీసుకుని మళ్ళీ చేయండి. ఏం రావాలో మీకిప్పుడు తెలుసు కదా, జాగ్రత్తగా చూసుకుని రాయండి. సంతకం పెట్టేస్తాను. ఈ పద్నాలుగుతో మాత్రం నేను పెట్టలేను."

ఏం రావాలో తెలుసు కదా! మంచితనంతో అన్న మాటే. అయినా పిన్నికి గుండెలో ముల్లు దిగినట్టైంది.

ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి కొత్త పేజీ తెరిచింది. పెన్ను పట్టుకుంది. ఒక్క అంకె. పది పాయింట్ ఒకటి అని రాస్తే ఏడాది నిలుస్తుంది. రాయకపోతే మళ్ళీ తొట్టి, మళ్ళీ ఆవిరి, మోచేతులదాకా దిగిన రంగు.

పక్క బల్ల పిల్లని క్లాసంతా రేడియో అంటారు. నిద్రలో తప్ప నోరు మూయదని పేరు. అలాంటిది పావుగంటగా కిమ్మనలేదు. ఇప్పుడు మెల్లగా జరిగి వచ్చింది.

"పిన్నీ."

"ఊఁ."

"నాక్కూడా పద్నాలుగే వచ్చింది."

పిన్ని తల తిప్పి చూసింది.

"ఒట్టు పిన్నీ. పదింటి దగ్గర ఆపి చూశా, తెల్లగానే ఉంది. పోస్తూ పోయా. పద్నాలుగు దాటాక వచ్చింది. నేనే ఏదో తగలేశాననుకున్నా. అక్క రికార్డు ఉందిగా నా దగ్గర, మూడేళ్ళ కిందటిది. అందులో పది పాయింట్ ఒకటి అనుంది. అదే రాసేశా." నీళ్ళు నమిలి మళ్ళీ అంది, "వెనక బల్ల వాళ్ళకీ పద్నాలుగేట. కిటికీ దగ్గర వాళ్ళకీ. ఎవరికి వాళ్ళు తమదే తప్పనుకుని సీనియర్ల రికార్డులు చూసి రాసేశారు."

"మరి ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోలేదా?"

"సిగ్గేసింది పిన్నీ. రెండు నీళ్ళు కలపడం కూడా రాదని నవ్వుతారని."

పిన్నికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నలభై ఫ్లాస్కుల్లో నలభై గులాబీలు పద్నాలుగు దగ్గరే పూశాయి. నలభై మందీ నిజమే చూశారు. ముప్పైతొమ్మిది మంది తాము చూసినదానికి సిగ్గుపడ్డారు. ఇంత చదువుకున్న పిల్లలు, ఏమి చోద్యం ఇది!

కానీ ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. అందరికీ పద్నాలుగే వస్తే తప్పు చేతుల్లో లేదు. సీసాలో ఉంది. సీసాలో ద్రావణం కలిపింది బాబాయ్.

ఆమె అలాగే కూర్చుండిపోయింది. ఎండ సీసాల నీడల్ని మెల్లగా బల్ల చివరికి జరుపుతోంది. ముందు తెరిచి ఉన్న నోటుబుక్కులో ఆక్సాలిక్ యాసిడ్ ఫార్ములా ఉంది. దాని పక్కన ఒక చుక్క, చుక్క పక్కన రెండు నీళ్ళ అణువులు. ఆ రెండూ ఎందుకున్నాయో పిన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇవాళ వాటినే చూస్తూ ఉంటే, కళ్ళ ముందు మైలుతుత్తం నీలంగా మెరిసింది. పలుకులో కూర్చున్న నీళ్ళు. తడి లేని నీళ్ళు. వాటికీ బరువుంటుంది కదా.

అక్కడినుంచి మనసు షెడ్డులోకి వెళ్ళిపోయింది. తొట్టి పక్కన మేస్త్రి అరుపు వినబడింది. "ఒసేయ్, గడ్డ సోడా అయితే మూడు దోసిళ్ళు! పొడి సోడా అయితే ఒకటే దోసిలి! గడ్డల్లో సగం పైన నీళ్ళే ఉంటాయి, పొడి అంతా సరుకే! మార్చి పోశావంటే నూలు పీలికలైపోతుంది!" పనిలో చేరిన కొత్తలో ఒకసారి పిన్ని మార్చి పోసింది. మేస్త్రి వారం రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు.

పిన్ని చటుక్కున లేచింది. రికార్డు చంకలో పెట్టుకుని స్టోరుకి నడిచింది.

స్టోరు ల్యాబు వెనకాల పొడుగాటి గది. ఒకే కిటికీ, నేలనుంచి పైకప్పుదాకా అరలు. చిన్నప్పుడు సెలవుల్లో బాబాయ్ ఆమెని ఇక్కడే కూర్చోబెట్టి సీసాల మీద పేర్లు చదివించేవాడు. ఇంగ్లీషు చదవడం ఆమె నేర్చుకుంది బళ్ళో కాదు, ఈ లేబుళ్ళ మీదే అనవచ్చు. బాబాయ్ తక్కెడ ముందు కూర్చుని ఉప్పులేవో తూస్తున్నాడు. తూకపు రాళ్ళు పెట్టెలో వరసగా ఉన్నాయి. ఆయన వాటి వైపు చూడనే లేదు. వేలితో తడిమి తీసుకుంటున్నాడు.

"అమ్మడూ! అయిందా? రంగు చూశావా?"

"చూశాను బాబాయ్. చాలా బావుంది."

"నాకు తెలుసు, అది చూస్తే నువ్వు వదలవని." ఆయన మొహం విప్పారింది. "ఎంతొచ్చింది?"

పిన్ని అరల వైపు చూసింది. "బాబాయ్, ఆక్సాలిక్ యాసిడ్ సీసా ఏది?"

"మూడో అర, ఎడమనుంచి అయిదోది. ఇరవై ఎనిమిదేళ్ళుగా దాని ఇల్లు అదే." కూర్చున్నచోటినుంచి కదలకుండా చెయ్యి చాపి సీసా దించాడు. నిజంగానే అయిదోది. "ఈసారి సరుకు కాస్త నలిగి వచ్చింది. ఎప్పుడూ పంచదారలా పలుకులుంటాయి. ఇది పిండిలా ఉంది. కంపెనీ మార్చారేమో అనుకున్నా."

పిన్ని ఒక అడుగు ముందుకి వేసింది.

"దాని మీద ఏం రాసుందో చదువు బాబాయ్."

ఆయన నవ్వాడు. "అదేమిటే, నేను నీకు నేర్పిన చదువు నాకే అప్పజెప్పమంటావా? ఆక్సాలిక్ యాసిడ్ అనుంటుంది."

"దాని కింద?"

బాబాయ్ సీసాని మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. ఇంకా దగ్గరికి తెచ్చుకున్నాడు. ముక్కు లేబులుకి తగిలింది. కిటికీ వైపు తిప్పాడు. చివరికి బల్ల మీద పెట్టి, రెండు చేతులూ దాని చుట్టూ వేసి కూర్చున్నాడు.

"మోకాలి నొప్పని పదిరోజులు సెలవు పెట్టాను చూడు," అన్నాడు. "మోకాలికి కాదు."

పిన్నికి అర్థమైంది. ఆయన కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఒక్కడూ వెళ్ళాడు. తనతో చెప్పలేదు. రోజూ పక్కనే కూర్చుని, దారిలో చెయ్యి పట్టుకుని నడిచి, తను గమనించలేదు. ఫ్లాస్కులో వెంట్రుకవాసి రంగు కనిపెట్టిన కళ్ళు ఇదెలా చూడలేదు? తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఎప్పట్నుంచి బాబాయ్?"

"ఏడాది పైమాటే. నడిమధ్య మంచు పట్టినట్టుంటుంది, అంచుల్లో కనబడుతుంది. ఇక్కడ నాకు కళ్ళెందుకే? ఏది ఎక్కడుందో చేతికి తెలుసు. సర్వీసు ఇంకో పదినెలలుంది. యాసిడ్ల మధ్య చూపులేనివాడు తిరుగుతున్నాడని తెలిస్తే రేపే ఇంటికి పంపుతారు. నువ్వు ఒక ఏడాది గట్టెక్కితే చాలనుకున్నా." సీసా ఆమె వైపు జరిపాడు. "ఇప్పుడు నువ్వు చదువు. కింద ఏముంది?"

పిన్ని చదివింది. లేబులు మీద ఫార్ములా ఉంది. దాని పక్కన చుక్క లేదు. చుక్క పక్కన నీళ్ళు లేవు. కింద చిన్న అక్షరాలతో, నీరు తీసిన సరుకు అని రాసి ఉంది. అణుభారం తొంభై.

"తొంభయ్యా?" బాబాయ్ నిటారుగా కూర్చున్నాడు. "నీళ్ళతో అయితే నూట ఇరవై ఆరు. ఆ లెక్కనే నేను లీటరుకి ఆరు పాయింట్ మూడు గ్రాములు తూచాను. ఇందులో నీళ్ళు లేవు, అంతా యాసిడే. ద్రావణం చిక్కబడి ఉంటుంది. నూట ఇరవై ఆరుని తొంభైతో భాగిస్తే..." పెదవులు కదిలాయి. ఆయనకి కాగితం అక్కర్లేదు. "ఒకటి పాయింట్ నాలుగు. అంటే పది వచ్చే చోట పద్నాలుగు వస్తుంది. అమ్మడూ, నీకు పద్నాలుగు రావాలే!"

"పద్నాలుగు పాయింట్ ఒకటి బాబాయ్."

"శభాష్!" అని బల్ల మీద చరిచాడు. ఆయన మొహంలో వెలుగు చూసి పిన్నికి కళ్ళు చెమర్చాయి. తన ఉద్యోగం మీదికి వచ్చిందన్న సంగతి ఆయనకి ఇంకా తట్టలేదు. పిల్ల సరిగ్గా చేసిందన్నదొక్కటే తట్టింది. తర్వాత మెల్లగా వెలుగు తగ్గింది. "ఎంతమంది రాశారు పద్నాలుగు?"

"నేనొక్కదాన్నే."

"మిగతావాళ్ళు?"

"పది రాశారు. మేడమ్ నన్నూ పదే రాయమంటోంది. మూడింటిలోపు." పిన్ని ఆయన చెయ్యి పట్టుకుంది. "రాసేస్తాను బాబాయ్. ఒక్క అంకె. ఎవరికీ ఏమీ తెలియదు. నా ఏడాది నిలుస్తుంది, నీ పదినెలలూ నిలుస్తాయి. ఆ సీసా నేను లోపల దాచేస్తాను."

ఎంత చక్కటి దారో చూశారా. ఎవరికీ నష్టం లేదు. నేనే అయితే ఒప్పేసుకునేవాణ్ణి.

బాబాయ్ చెయ్యి విడిపించుకుని సీసా మూత బిగించాడు. కిటికీలోంచి వచ్చిన ఎండ ఆయన చేతుల మీద, సీసా మీద పడి ఉంది.

"నిన్ను ఇక్కడ కూర్చోబెట్టి పేర్లు చదివించానే," అన్నాడు చివరికి, "లోపల ఉన్నదే బయట రాసి ఉంటుందని చెప్పాను. గుర్తుందా? అది అబద్ధం చేయకు. రికార్డు ఇలా ఇవ్వు."

ఆమె ఇచ్చింది. ఎందుకు అడిగాడో తెలిస్తే ఇచ్చేది కాదు. ఆయన తడుముతూ పేజీ తిప్పాడు. ఇంకు ఆరిన గరుకు మీద వేలు పెట్టి మూడు వరసలూ లెక్కపెట్టుకున్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

"బాబాయ్, వద్దు! ఆ పేజీలో నువ్వు..."

అప్పటికే రాసేశాడు. పెద్ద పెద్ద అక్షరాలు, గీతలు దాటి కిందికి జారుతూ. "రీడింగ్ సరైనదే. ద్రావణం తప్పు. కలిపింది నేను." కింద సంతకం.

మూడో చెయ్యి పడింది. ప్రేమతో ఆయన రాసిన మూడు వాక్యాలతో పిన్ని పేజీ చెల్లకుండా పోయింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ ల్యాబులో ఉన్న మనిషి ఆ నియమం ఎలా మరిచాడంటే ఏం చెప్పను? నిజం దొరికిన సంబరంలో మరిచాడు.

"ఎవరు రాస్తున్నారు అందులో?"

గుమ్మంలో మేడమ్. చేతిలో ఎర్ర పెన్ను. వెనకాల వరండాలో ఆఫీసు అటెండరు రికార్డుల దొంతర మోస్తూ నిలబడ్డాడు. గడియారం మూడు కొట్టడం మొదలుపెట్టింది.

మేడమ్ లోపలికి వచ్చి పేజీ లాక్కుంది. చదివింది. బల్ల మీది సీసా చూసింది. లేబులు చదివింది. మళ్ళీ పేజీ చూసింది. ఆమె మొహంలో కోపం ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోయింది. దాని స్థానంలో వచ్చినదాన్ని చూసి పిన్నికి భయం వేసింది.

"మేడమ్, ఆయనకి కళ్ళు..." అనబోయి పిన్ని నాలుక కరుచుకుంది.

"నాకు తెలుసు," అంది మేడమ్. "ఆరునెలలుగా తెలుసు. అందుకే ఆయన సెలవులో ఉండగా కొత్త సరుకు వస్తే, ఆయన తిరిగొచ్చాక తడుముకోకూడదని అరలన్నీ నేనే సర్దాను. ఏ సీసా ఇంట్లో ఆ సీసా." కుర్చీ అంచు పట్టుకుంది. "బాబాయ్, మీరిక్కడ రాసింది తప్పు."

"ఏం తప్పమ్మా?" అన్నాడు బాబాయ్, గొంతు వచ్చినవైపు తల తిప్పి.

"కలిపింది మీరే. కానీ మూడో అరలో, ఎడమనుంచి అయిదో చోట, లేబులు చదవకుండా ఆ సీసా పెట్టింది నేను."

బయటినుంచి అటెండరు, "మేడమ్, నలభయ్యో రికార్డు?" అని పిలిచాడు. మేడమ్ ఎర్ర పెన్ను మూత తీసి, ఆ చెల్లని పేజీ మీదికి వంగింది.